ఆకాశంలో కుదుపులు: దేనికి భయపడాలి, దేనికి సిద్ధపడాలి?

ఒకప్పుడు మన సంఘాల్లో విమానం ఎక్కినవారిని వేళ్ల మీద లెక్కపెట్టేవాళ్లం. ఇప్పుడు అలా కాదు. కూతురి పురుడుకని అమెరికా వెళ్లే తల్లులు, గల్ఫ్ దేశాల్లో పనిచేస్తూ రెండేళ్లకొకసారి ఇంటికి వచ్చే సహోదరులు, పై చదువులకు వెళ్లే పిల్లలు, గుంపుగా యెరూషలేము యాత్రకు బయలుదేరే పెద్దలు... ఏ ఆదివారం చూసినా ప్రయాణాల కోసం ప్రార్థించమని అడిగే చీటీలు రెండు మూడైనా ఉంటున్నాయి. తిరిగి వచ్చినవారి మాటల్లో తరచుగా వినిపించేది విమానం కుదుపుల సంగతే. "ఒక్కసారిగా కిందికి పడిపోయిందండీ, ఇక అయిపోయింది అనుకున్నాం" అంటారు. కొందరైతే ఆ ఒక్క అనుభవంతో మళ్లీ విమానం ఎక్కేది లేదని తేల్చేస్తారు. అలా మనవడి ముఖాన్ని ఫోన్‌లోనే చూసుకుంటూ ఉండిపోయిన అమ్మమ్మలూ ఉన్నారు.

అందుకే ఈ వారం ఆ కుదుపుల గురించి కాస్త వివరంగా రాస్తున్నాం. ఈ విషయంలో మనం భయపడేది ఒకదానికి, మనకు హాని చేసేది మరొకటి. విమానం విరిగిపోతుందేమో, రాయిలా నేల మీద పడుతుందేమో అని భయపడతాం. కానీ కుదుపుల్లో గాయాలు చాలావరకు విమానం లోపలే, నడుముకు బెల్టు లేనివారికే తగులుతున్నాయి. భయం ఉండాల్సిన చోట ఉంటే మంచిదే, అది జాగ్రత్త నేర్పుతుంది. ఉండకూడని చోట ఉంటే నిద్ర పోగొడుతుంది తప్ప ప్రాణం కాపాడదు.

గాలి ఎందుకు కుదుపుతుంది?

గోదావరి మీద లాంచీలో వెళ్లినవారికి ఈ సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. నది నిదానంగా పారుతున్నంతసేపు లాంచీ కదలదు. వంతెన స్తంభాల దగ్గర, ఇరుకైన మలుపుల దగ్గర నీళ్లు సుడులు తిరుగుతాయి, అక్కడ లాంచీ ఊగుతుంది. గాలి కూడా నీటిలాగే పారుతుంది. దాని ప్రవాహం చెదిరి సుడులు తిరిగే చోటుకి వచ్చినప్పుడు విమానం ఊగుతుంది. దీన్నే టర్బులెన్స్ అంటారు.

ఇవి ముఖ్యంగా నాలుగు రకాలు. మొదటిది మేఘాల వల్ల వచ్చేది. ఎండకు వేడెక్కిన గాలి పైకి లేచి క్యుములోనింబస్ మేఘాలుగా పెరుగుతుంది. ఆ మేఘాల్లో ఒకచోట గాలి వేగంగా పైకి దూసుకుపోతుంటే, పక్కనే మరోచోట కిందికి దిగుతుంటుంది. మనకు ఏప్రిల్, మే నెలల సాయంకాలాల్లో ఉరుములు, వడగళ్లతో వచ్చే అకాల వర్షాలు ఈ మేఘాలవే. రెండోది జెట్ స్ట్రీమ్ వల్ల వచ్చేది. చాలా ఎత్తున పడమటి నుంచి తూర్పుకు మహావేగంతో పారే గాలి నది ఇది. దాని అంచుల్లో, వేగంగా పోయే గాలీ నిదానంగా పోయే గాలీ ఒరుసుకునే చోట సుడులు పుడతాయి. అక్కడ మేఘం ఉండదు, ఆకాశం నీలంగా నిర్మలంగా కనిపిస్తుంది. మూడోది పర్వతాల మీదుగా వీచే గాలి అలలు అలలుగా లేవడం వల్ల వచ్చేది. నాలుగోది ముందు వెళ్లిన పెద్ద విమానం రెక్కల వెనుక మిగిలే సుడిగాలి. అందుకే ఒక విమానం వెనుక మరొకటి దిగేటప్పుడు, ఎగిరేటప్పుడు మధ్యలో కొంత ఎడం పాటిస్తారు.

'ఎయిర్ పాకెట్‌లో పడింది' అని మనవాళ్లు అంటుంటారు. ఆకాశంలో గాలి లేని గుంటలేమీ ఉండవు. కిందికి దిగే గాలిలోకి ప్రవేశించినప్పుడు విమానం కూడా దానితోపాటు కొంత దిగుతుంది, అంతే.

పైలట్ ముందు వాతావరణ రాడార్ ఉంటుంది కదా, ముందే తెలియదా అని కొందరు అడుగుతారు. ఆ రాడార్ పంపే తరంగాలు మేఘాల్లోని నీటి చుక్కలకు తగిలి వెనక్కి వస్తేనే తెర మీద బొమ్మ కనిపిస్తుంది. వాన మేఘాన్ని అది చూపిస్తుంది. నీటి చుక్కలు లేని నిర్మలమైన గాలిలో సుడులుంటే చూపించలేదు. ముందు వెళ్లిన విమానాల పైలట్లు చెప్పే కబురు, వాతావరణ అంచనాలు సాయపడతాయి. అయినా కొన్నిసార్లు హెచ్చరిక లేకుండానే కుదుపు వస్తుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే, ఇకపై చెప్పబోయేదంతా సులభంగా అర్థమవుతుంది.

ఐదు సెకన్లలోపు జరిగినది

2024 మే 21న లండన్ నుంచి సింగపూర్ వెళ్తున్న సింగపూర్ ఎయిర్‌లైన్స్ ఎస్‌క్యూ 321 విమానం గురించి చాలామంది వార్తల్లో చూసే ఉంటారు. బోయింగ్ 777 రకానికి చెందిన ఆ విమానంలో 211 మంది ప్రయాణికులు, 18 మంది సిబ్బంది ఉన్నారు. బయలుదేరి సుమారు పది గంటలైంది. కొందరు అల్పాహారం తీసుకుంటున్నారు. మయన్మార్ దక్షిణ ప్రాంతం మీద, 37,000 అడుగుల ఎత్తులో ఉండగా కుదుపు మొదలైంది. అప్పుడప్పుడే మేఘాలు పెరుగుతున్న ప్రాంతం మీదుగా విమానం వెళ్లి ఉండవచ్చని సింగపూర్ దర్యాప్తు సంస్థ తన ప్రాథమిక నివేదికలో చెప్పింది.

ఆ నివేదికలోని లెక్కలు చూద్దాం. మొదట సుమారు 19 సెకన్లపాటు విమానం కొద్దిగా వణికింది. ఆ వణుకుతోపాటే పైలట్లు నడపకుండానే కొంత పైకి లేచి 37,362 అడుగులకు చేరింది. సీట్ బెల్ట్ గుర్తు వెలిగించినట్టు పైలట్ అన్న మాట కాక్‌పిట్‌లో రికార్డయింది. ఆ తర్వాత ఎనిమిది సెకన్లకే అసలు దెబ్బ తగిలింది. ఎనిమిది సెకన్లంటే నిద్రపోతున్న మనిషి కళ్లు తెరిచి, దుప్పటి పక్కకు లాగి, బెల్టు కొసలు వెతుక్కోవడానికి కూడా చాలవు.

అప్పుడు 0.6 సెకనులో విమానంలోని బరువు లెక్క తారుమారైంది. మామూలుగా మనల్ని సీటులోకి అదిమిపెట్టే బలాన్ని 1 జి అంటారు. అది 1.35 జి నుంచి మైనస్ 1.5 జికి మారిపోయింది. మైనస్ అంటే దిక్కు తిరగబడిందని అర్థం. విమానం కిందికి లాగేసుకుపోతుంటే, దానితో ముడిపడని మనిషి గాలిలో అక్కడే ఉండిపోతాడు. పైకప్పు వచ్చి అతని తలకు తగులుతుంది. కూర్చున్నవారికి మాత్రం తామే పైకి ఎగిరినట్టు తెలుస్తుంది. అరవై కిలోల మనిషిని తొంభై కిలోల బలంతో పైకప్పుకేసి విసిరినట్టు ఉంటుంది. తర్వాత నాలుగు సెకన్లలో బలం మళ్లీ ప్లస్ 1.5 జికి వచ్చింది. పైకి లేచినవారంతా అదే వేగంతో సీట్ల మీద, చేతి ఆనుల మీద, నడవలో పడ్డారు.

మొత్తం 4.6 సెకన్లు. ఆ కాస్త సమయంలో విమానం దిగిన ఎత్తు 178 అడుగులు. విమానం బ్యాంకాక్‌లో దిగింది. 73 ఏళ్ల బ్రిటన్ ప్రయాణికుడు ఒకరు మరణించారు, అది గుండెపోటు కావచ్చని అధికారులు చెప్పారు. ఇరవై మందికి పైగా వెన్నెముక గాయాలతో, కొందరు తల గాయాలతో బ్యాంకాక్ ఆసుపత్రిలో చేరారు.

మొదట వచ్చిన వార్తల్లో విమానం 6,000 అడుగులు పడిపోయిందని రాశారు. నిజానికి 37,000 నుంచి 31,000 అడుగులకు దిగింది కుదుపు ముగిసి పది నిమిషాలు దాటాక. గాయపడ్డవారి సంగతి తెలిసి, బ్యాంకాక్‌కు మళ్లించాలని నిర్ణయించుకున్న పైలట్లు తమ అదుపులోనే మామూలుగా దింపారు. పడింది 178 అడుగులే, అంటే సుమారు 54 మీటర్లు. అప్పుడు విమానం కింద పదకొండు కిలోమీటర్లకు పైగా ఖాళీ ఉంది. కాబట్టి ఆ క్షణాన ప్రమాదం నేలకు సంబంధించినది కాదు. ప్రమాదమంతా సీటుకూ పైకప్పుకూ మధ్య ఉన్న ఆ కొద్ది అడుగుల్లోనే ఉంది.

రెక్కలు ఊగితే విరుగుతాయా?

కిటికీ పక్కన కూర్చున్నవారు రెక్క చివర పైకీ కిందికీ ఊగడం చూసి హడలిపోతుంటారు. ఊగేలాగే దాన్ని తయారు చేస్తారు. గాలికి వంగే వెదురు నిలుస్తుంది, వంగనిది విరుగుతుంది కదా. విమానానికి దాని జీవితకాలంలో ఎదురుకాగల అతి పెద్ద బలం ఎంతో లెక్కగట్టి, దానికి ఒకటిన్నర రెట్లు తట్టుకోవాలని నియమం పెట్టారు. 1995 జనవరిలో బోయింగ్ సంస్థ 777 విమానం రెక్కలను కావాలనే విరిగేదాకా పైకి లాగి పరీక్షించింది. రెక్కల కొసలు సుమారు 24 అడుగులు పైకి వంగాయి. ఆ అతి పెద్ద బలానికి 154 శాతం చేరాక గానీ అవి విరగలేదు.

చరిత్రలో విమానం కుదుపులకే విరిగిన సందర్భం లేదని చెప్పడం అబద్ధమవుతుంది. 1966 మార్చి 5న జపాన్‌లోని ఫ్యూజీ పర్వతం దగ్గర బోయింగ్ 707 ఒకటి పర్వతపు గాలి సుడుల్లో చిక్కి విరిగిపోయింది, 124 మంది మరణించారు. అది దాదాపు ఆరు దశాబ్దాల కిందటి మాట. అప్పటి నుంచి పర్వతపు గాలుల గురించిన జ్ఞానం, రాడార్లు, వాతావరణ అంచనాలు ఎంతో మెరుగయ్యాయి. నేటి పెద్ద విమానాలకు అలాంటిది అత్యంత అరుదు. కుదుపు రాగానే పైలట్లు వేగాన్ని తగ్గిస్తారు, స్పీడ్ బ్రేకర్ దగ్గర ఆటో నిదానించినట్టే. వీలైతే ఎత్తు మారుస్తారు, దారి మళ్లిస్తారు.

మన దేశంలో

2022 మే 1న ముంబై నుంచి పశ్చిమ బెంగాల్‌లోని దుర్గాపూర్ వెళ్తున్న స్పైస్‌జెట్ విమానం దిగే సమయంలో ఉరుముల గాలివానలో తీవ్రంగా కుదిపింది. పలువురు గాయపడ్డారు. వారిలో ఒకరు నెలల తరబడి ఆసుపత్రిలో ఉండి మరణించారు. 2025 మే 21న ఢిల్లీ నుంచి శ్రీనగర్ వెళ్తున్న ఇండిగో విమానం పఠాన్‌కోట్ దగ్గర వడగళ్ల వానలో చిక్కుకుంది. పక్క నుంచి తప్పించుకుపోవడానికి పాకిస్తాన్ గగనతలంలోకి అనుమతి అడిగితే దొరకలేదు. ఒక దశలో అది నిమిషానికి 8,500 అడుగుల వేగంతో కిందికి దిగింది. ముక్కు భాగం దెబ్బతింది. అయినా 220 మందికి పైగా ప్రయాణికులతో క్షేమంగా శ్రీనగర్‌లో దిగింది, ఎవరికీ గాయాలు కాలేదు.

పై మూడు సంఘటనలూ మే నెలవే. మన దేశంలోనూ బంగాళాఖాతం చుట్టూ మేఘాలు ఉధృతంగా పెరిగే కాలం అది. హైదరాబాద్, విశాఖల నుంచి సింగపూర్ వైపు వెళ్లే విమానాలు ఆ సముద్రం మీదుగానే వెళ్తాయి. చలికాలంలో జెట్ స్ట్రీమ్ ఉత్తర భారతం మీదికి దిగివస్తుంది. అంటే ఏ కాలానికి ఆ కాలపు కుదుపు ఉంటుంది. భూమి వేడెక్కుతున్నకొద్దీ ఇవి పెరుగుతున్నాయని కూడా శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. ఉత్తర అట్లాంటిక్ మీద, నిర్మలాకాశంలో వచ్చే తీవ్రమైన కుదుపులు 1979 నుంచి 2020 నాటికి 55 శాతం పెరిగాయని ఇంగ్లండ్‌లోని రీడింగ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2023లో వెల్లడించారు. మన పిల్లలను చూడటానికి మనం అమెరికా వెళ్లే దారుల్లో అదీ ఒకటి.

ప్రయాణికులు చేయవలసినవి

మొదటిదీ ముఖ్యమైనదీ, కూర్చున్నంతసేపూ బెల్టు ఉండాలి. గుర్తు ఆరిపోతే బెల్టు తీసేయమని కాదు, అవసరమైతే లేవవచ్చని మాత్రమే అర్థం. కడుపు మీద కాకుండా, కిందికి, తుంటి ఎముకల మీద బిగువుగా పెట్టుకోవాలి. వదులుగా వేలాడే బెల్టు ఆపలేదు. నిద్రపోయేటప్పుడు దుప్పటి మీదుగా బెల్టు పెట్టుకుంటే సిబ్బంది చూసి మిమ్మల్ని లేపకుండా వెళ్తారు. ఒళ్లు పెద్దదై బెల్టు చాలకపోతే సిగ్గుపడకుండా అడగండి, అదనపు బెల్టు ఇస్తారు.

చంటిబిడ్డను తల్లి ఎంత గట్టిగా పట్టుకున్నా, అలాంటి కుదుపులో చేతులు ఆగవు. ఒడిలో బిడ్డకు వేరే చిన్న బెల్టు ఇచ్చే విమానాల్లో దాన్ని తప్పక అడిగి తీసుకోవాలి. తల్లి బెల్టులోనే బిడ్డను కలిపి కట్టకూడదు. తల్లి బరువంతా బిడ్డ మీద పడుతుంది. స్తోమత ఉంటే బిడ్డకు వేరే సీటు తీసుకుని, విమానాల్లో వాడటానికి అనుమతి ఉన్న పిల్లల సీటు వాడటం ఇంకా మంచిది.

వయసు పైబడినవారి ఎముకలు పెళుసుగా ఉంటాయి. విమానం నిలకడగా ఉన్నప్పుడే మరుగుదొడ్డికి వెళ్లి రావాలి. నడవలో ఉండగా కుదుపు మొదలైతే సీటు దాకా పరుగెత్తవద్దు. దగ్గర్లో ఖాళీ సీటు ఉంటే అందులో, లేకపోతే నేల మీదే కూర్చుని సీటు కాలును గట్టిగా పట్టుకోవాలి. కుదుపుకు భయపడేవారు టికెట్ తీసుకునేటప్పుడే రెక్కల దగ్గరి సీటు అడగవచ్చు. అక్కడ ఊపు కాస్త తక్కువ, తోక వైపు ఎక్కువ.

వేడి టీ, కాఫీ విషయంలో జాగ్రత్త. కాలిన గాయాలు ఎక్కువవుతున్నాయని కొరియన్ ఎయిర్ సంస్థ 2024 ఆగస్టు 15 నుంచి దూరప్రయాణాల ఎకానమీ తరగతిలో కప్పు నూడుల్స్ ఇవ్వడమే మానేసింది. ఎస్‌క్యూ 321 సంఘటన తర్వాత సింగపూర్ ఎయిర్‌లైన్స్ కూడా బెల్టు గుర్తు వెలుగుతున్నప్పుడు భోజనాలు వడ్డించకూడదని నిర్ణయించింది. కాబట్టి టీ ఆలస్యమైందని సిబ్బంది మీద విసుక్కోవద్దు. కుదుపుల్లో అందరికంటే ఎక్కువగా దెబ్బలు తినేది వారే. మనం కూర్చుని ఉంటాం, వారు నిలబడి మన కోసం పనిచేస్తుంటారు. బెల్టు గుర్తు వెలిగాక నీళ్లకోసం బెల్ నొక్కడమంటే ఒక మనిషిని ప్రమాదంలోకి పిలవడమే.

దెబ్బ తగిలితే, ముఖ్యంగా మెడ, వెన్ను నొప్పి ఉంటే, లేచి నడవకుండా ఉన్నచోటే ఉండి సిబ్బందికి చెప్పాలి. 'ఏం కాలేదులే' అని పరువు కోసం దాచుకోవద్దు.

ప్రార్థన సంగతి

విమానం ఊగినప్పుడు మనవాళ్లు ప్రార్థిస్తారు. అది సహజం, మంచిది. అయితే యాత్రలకు గుంపుగా వెళ్లేవారిలో కొందరు లేచి నిలబడి చేతులెత్తి బిగ్గరగా ప్రార్థించడం, పక్క వరుసలోని వారి మీద చేతులుంచడానికి నడవలోకి రావడం ఉంది. దయచేసి అలా చేయవద్దు. నిలబడ్డ మనిషి తనకే కాదు, తాను ఎవరి మీద పడతాడో వారికీ ప్రమాదం. కేకల్లో సిబ్బంది సూచనలు వినిపించవు. పక్క సీటులో వేరే నమ్మకం గల మనిషి భయంతో వణుకుతుండవచ్చు. బెల్టు బిగించుకుని, నెమ్మదిగా ఊపిరి తీసుకుంటూ, మనసులో చేసే ప్రార్థన తక్కువదేమీ కాదు. పక్కనున్నవారి చేయి పట్టుకుని "కాసేపట్లో తగ్గిపోతుందండీ" అని ధైర్యం చెప్పడం కూడా పరిచర్యే.

అపొస్తలుల కార్యముల గ్రంథం 27వ అధ్యాయంలోని ఓడ ప్రయాణం మనందరికీ తెలిసినదే. తుపానులో చిక్కిన ఆ ఓడలో 276 మంది ఉన్నారు. పౌలు దేవుని మీద నమ్మకముంచాడు, అందరికీ ధైర్యం చెప్పాడు. అదే సమయంలో రోజుల తరబడి తినని వారిని తినమని బతిమాలాడు, పడవలో జారుకోబోతున్న నావికుల సంగతి శతాధిపతికి చెప్పాడు. నమ్మకం ఉంది కదా అని చేయవలసిన పని మానలేదు. బెల్టు పెట్టుకోవడం అపనమ్మకం కాదు.

సాక్ష్యం చెప్పేవారికీ ఒక మనవి. క్షేమంగా వచ్చినందుకు తప్పక స్తోత్రం చెప్పండి. కానీ వందడుగులను వేలడుగులు చేయవద్దు. మీ మాట విన్న ఒక పెద్దావిడ ఆ రాత్రే తన ప్రయాణం రద్దు చేసుకోవచ్చు. 'మేము ప్రార్థించాం కాబట్టి బతికాం' అనేటప్పుడు, గాయపడినవారి కోసం, మరణించినవారి కోసం ప్రార్థించినవారు లేరా అని ఒక్కసారి ఆలోచించండి. దెబ్బ తగిలినవారికి విశ్వాసం చాలలేదన్న అర్థం మన మాటల్లో ఎక్కడా రాకూడదు. వీలైతే సాక్ష్యం చివర ఇంకొక వాక్యం చేర్చండి: "ఆ సమయంలో బెల్టు పెట్టుకుని ఉన్నాం." వినేవారికి అది పనికొస్తుంది.

యాత్రా గుంపులను తీసుకెళ్లే పాస్టర్లు బయలుదేరే ముందు జరిగే కూడికలో పాస్‌పోర్టులు, మందుల గురించి చెప్పేటప్పుడు ఈ మాట కూడా చెప్పాలని కోరుతున్నాం. అమ్మానాన్నలను విమానం ఎక్కించే కొడుకులు, కూతుళ్లు వీల్‌చైర్ బుక్ చేస్తారు, ఆవకాయ సీసా పగలకుండా కట్టిస్తారు, ఏ గేటు దగ్గర ఎవరిని అడగాలో కాగితం మీద రాసిస్తారు. ఆ కాగితం మీద అన్నిటికంటే పైన పెద్ద అక్షరాలతో రాయండి: "అమ్మా, లైటు ఆరిపోయినా బెల్టు తీయకు."